కింది ట్రే

చెల్లెలు పోయిన రోజున అన్న రాలేదు. రెండు వీధుల అవతల ఉండి రాలేదు. ఇందులో అనుమానపడటానికి గానీ, వాదించడానికి గానీ ఏమీ లేదు. ఆ చెల్లెలు అతని భార్య. ఆ అన్న అతనికి బావ. రెండేళ్ళు దాటింది.

అతను మిషను మూత తీశాడు. తెల్లవారి అయిదు కావస్తోంది. వేడిగాలి యాపిల్ వాసనతో ముఖానికి కొట్టింది. ఆ వాసన వంటింటి గోడలకు ఎంతగా పట్టిపోయిందంటే, అది ఉందన్న సంగతి అతనికి తెలియడం మానేసి చాలా కాలమైంది. కొత్తగా వచ్చినవాళ్ళే ముక్కులు ఎగబీల్చి "అబ్బ, ఏం వాసనండీ" అనేవాళ్ళు. కొత్తగా వచ్చేవాళ్ళు కూడా ఈ మధ్య లేరు.

పండ్లు ఎండబెట్టే మిషను అది. అయిదు ట్రేలు, ఒకదాని మీద ఒకటి. అడుగున హీటరు, దాని కింద ఫ్యాను. ఒకప్పుడు తెల్లటి ప్లాస్టిక్. ఇప్పుడు చుట్టలు తాగేవాడి పళ్ళ రంగు. వేడి తిప్పే మర మీద అంకెలు చెరిగిపోతే, యాభై ఏడు డిగ్రీలు ఉండే చోట భార్య తన గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టింది. అతను ఇప్పటికీ మరను ఆ చుక్క దగ్గరికే తిప్పుతాడు.

పైనుంచి ఒక్కొక్క ట్రే ఎత్తి బల్ల మీద పరిచాడు. చివరికి అట్టడుగుది మిగిలింది. అందులోంచి ఒక యాపిల్ చక్రం తీసి రెండు వేళ్ళ మధ్య వంచాడు. వంగలేదు. టక్కుమని విరిగింది. సరిపోయింది అనుకున్నాడు. అది బావ ట్రే.

ఈ పనిలో తెలుసుకోవలసింది పెద్దగా లేదు. పండును ఒకే మందంలో కోయాలి. నల్లబడకుండా నిమ్మరసం పిండిన నీళ్ళలో ముంచి తీయాలి. ఒకదాన్నొకటి తాకకుండా పరచాలి. నడుమ ఒకసారి పై ట్రేలు కిందికీ కింది ట్రేలు పైకీ మార్చాలి. మార్చకపోతే హీటరు పక్కనున్నది కర్ర అవుతుంది, పైనున్నది తోలులా మిగిలిపోతుంది. తీశాక చల్లారనివ్వాలి. వేడి మీద మూత పెడితే డబ్బాకు చెమట పడుతుంది, మూడో రోజుకు బూజు వస్తుంది. అంతే విద్య. భార్య దీన్ని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మూడు బుట్టల పండ్లు పాడుచేసి తనే నేర్చుకుంది.

మిషను తెచ్చింది బావే. బావా అతనూ ఒకే లాండ్రీలో పనివాళ్ళు. ఆ లాండ్రీకి దుప్పట్లు వేసే ఒక హోటలు తన వంటిల్లు బాగు చేయించుకుంటూ, ఇది పాతదని బయట పెట్టేసింది. బావ దాన్ని లారీలో వేయించుకుని వచ్చి చెల్లెలి గుమ్మంలో దించాడు.

"ఇదేమిటన్నయ్యా?" అందామె.

"నాకేం తెలుసు, ఎండబెడుతుందట. మీ ఆయన అక్కడ లాండ్రీలో దుప్పట్లు ఎండబెడతాడు, నువ్విక్కడ ఎండబెట్టు. మొగుడూ పెళ్ళాలది ఒకే వృత్తయితే కీచులాటలు తగ్గుతాయి."

అప్పుడు అతనికీ నవ్వొచ్చింది. అప్పటికి బావకు పళ్ళున్నాయి.

తర్వాత ఒక్కొక్కటే ఊడాయి. కట్టుడుపళ్ళు పెట్టించుకుంటే చిగుళ్ళు పుండ్లు పడ్డాయి. వాటిని తీసి ఎక్కడో పడేశాడు. అప్పట్నుంచి చెల్లెలు అన్న కోసం ఒక ట్రే వేరు చేసింది. దాన్ని అన్నిటికంటే పైన, వేడికి దూరంగా పెట్టేది. అన్నిటికంటే ముందు తీసేది. ముక్క వంగాలి, వేలికి చుట్టుకోవాలి, కానీ వేలికి అంటుకోకూడదు. అదీ ఆమె కొలత. మెత్తటివి నిలవ ఉండవు కాబట్టి పిడికెడే చేసేది, రోజూ చేసేది. అతను పనికి బయల్దేరేటప్పుడు చిన్న స్టీలు డబ్బా చేతిలో పెట్టి "మా అన్నకు" అనేది. ఎనిమిదేళ్ళపాటు పొద్దున్నే అతను విన్న మాట అది.

పోయేముందు రోజు ఆస్పత్రి మంచం మీద ఆమె చాలా మాటలు చెప్పింది. వాటిలో ఒకటి, "అన్నకు డబ్బా మాన్పించకు." అతను సరేనన్నాడు. మాట ఇచ్చాడు కనుక మాన్పించలేదు. ఎలా ఎండబెట్టాలో మాత్రం ఆమె చెప్పలేదు. ఆమె పోయిన మూడో రోజున అన్న ట్రే పైనుంచి కిందికి దిగింది. నడుమ ట్రేలు మార్చేటప్పుడు కూడా అది మారదు. పన్నెండు గంటలూ హీటరు నెత్తి మీదే కూచుంటుంది.

కూతురు లేచి వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. ఏ వస్తువునైనా ఒక కన్ను కొంచెం మూసి చూసే అలవాటు పడిపోయింది. గడపలో నిలబడి ట్రేలను అలాగే చూసింది.

"ఇవాళ మామయ్యకు పనిలో ఆఖరు రోజు" అంది.

"తెలుసు."

"మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతాడు. వాళ్ళ పెద్దమ్మాయి దగ్గరికి. ఇంక ఇటు రాడు."

"అదీ తెలుసు."

"అయితే ఆ పై ట్రేలోంచి పెట్టు నాన్నా. ఈ ఒక్క రోజు."

"మెత్తటివి దారిలో బూజు పడతాయి."

"నాలుగు గంటల బస్సు ప్రయాణంలో బూజా? అమ్మ కూతుర్ని పట్టుకుని ఆ మాట చెప్తున్నావా?"

అతను పై ట్రేలోంచి ఒక చక్రం చేతిలోకి తీసుకున్నాడు. అది చూపుడువేలి చుట్టూ మెల్లగా తిరిగి నిలిచింది. భార్య అయితే దీన్ని చూసి తల ఊపేది. వేలిమీంచి దాన్ని ఊడదీసి మళ్ళీ ట్రేలో వేశాడు.

"మామయ్య ఆ రోజు మన వీధి మొదటిదాకా వచ్చాడు" అంది కూతురు. "మందుల షాపు అరుగు మీద కూచున్నాడట. ఇంక లేవలేకపోయాడట. దాన్ని అలా చూడలేనమ్మా అన్నాడు."

"షాపుదాకా నడిచిన కాళ్ళకు గుమ్మం ఎంత దూరం?"

"నాన్నా..."

"చూడలేనన్నాడా? నేను చూశాను. నువ్వు చూశావు. మన కళ్ళేమన్నా నీ షాపులో చేయించుకున్నామా?"

కూతురు గోడకు ఆనుకుంది. అతను వంగి మిషను తీగ ప్లగ్గులోంచి లాగేశాడు. ఫ్యాను ఆగిపోయింది.

"ఇవాళ మాట్లాడుకోకపోతే మీ ఇద్దరూ ఇంకెప్పుడూ మాట్లాడుకోరు. ఆయనకు డెబ్బై వస్తున్నాయి. అది నీకూ తెలుసు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు."

"రాజుకు పొద్దున్నే డ్యూటీ ఉండదు. జరుగు."

కింది ట్రేలో ముక్కలు చల్లారాయో లేదో మునివేళ్ళతో చూశాడు. డబ్బాలో పోశాడు. చిల్ల పెంకులు పోసినట్టు గలగలమన్నాయి. మూత బిగించి సంచిలో వేసుకున్నాడు.

నిజానికి అతనికి కావలసింది ఒక్కటే. బావ తనంతట తను వచ్చి ఎదురుగా నిలబడి, తప్పయిపోయింది బావా అనాలి. షాపు అరుగు కథ కాదు, చూడలేననే సాకు కాదు. తప్పయిపోయింది అన్న ఒక్క మాట. రెండేళ్ళుగా బావ ఎప్పుడు దగ్గరికొచ్చినా ఆ రోజు నేను అనో, అసలేం జరిగిందంటే అనో మొదలుపెడతాడు. మొదలుపెట్టగానే అతను లేచి వెళ్ళిపోతాడు. ఆ మాట రావాలంటే ఇవాళ మధ్యాహ్నం లోపల రావాలి. తను మాత్రం అడగడు.

లాండ్రీ ఇంటికి ఇరవై నిమిషాల నడక. వీధి మొదట్లో మందుల షాపు ఇంకా తెరవలేదు. దాని అరుగు సిమెంటుది, అంచు విరిగింది. అతను రోజూ లాగే అటువైపు చూడకుండా దాటాడు. తర్వాత సైకిళ్ళు బాగుచేసే చోటు, మూసేసిన బడి, పొడవాటి ఇటుక గోడ, దాని చివర ఇనప గేటు.

లోపల ఎప్పుడూ ఒకటే కాలం, ఎండాకాలం. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు లారీల్లో వచ్చి ఒక చివర ఉతుకుడు తొట్లలో పడతాయి. అక్కణ్ణుంచి ఆరబెట్టే డ్రమ్ములకు, డ్రమ్ముల నుంచి ఇస్త్రీ రోలరుకు, రోలరు నుంచి మడత బల్లకు, బల్ల మీంచి మళ్ళీ లారీలకు. ఆరు డ్రమ్ములూ అతనివి. ముప్ఫై ఒక్క సంవత్సరాలు. ముంజేతుల మీద వెంట్రుకలు మొలవడం మానేశాయి. అరచేతులు ఎండిన చెరువులా నెర్రెలు విచ్చాయి. అయినా గుడ్డలో దాక్కున్న తడి ఆ చేతులకు దొరికిపోతుంది. పనివాళ్ళు అతన్ని డ్రమ్మన్న అంటారు. రోలరు దగ్గర ఉండే బావను రోలరన్న అంటారు. ఇద్దరికీ నడుమ పది అడుగులు. ఒక తోపుడుబండి అటూ ఇటూ తిరుగుతుంది.

దుప్పటి డ్రమ్ములో పూర్తిగా ఆరకూడదు. చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి. ఆ కాస్త తడీ ఉంటేనే రోలరు కింద ముడత సాఫవుతుంది. పూర్తిగా ఎండిన దుప్పటిని రోలరు ఇస్త్రీ చేయదు. ముడతను ముడతగానే నొక్కి పంపిస్తుంది. ఇది అతనికి తెలియక కాదు. అతనే ఎంతోమందికి నేర్పాడు. కానీ రెండేళ్ళుగా ప్రతి మోపూ పది నిమిషాలు ఎక్కువ తిప్పి పంపుతున్నాడు. బావ మగ్గులో నీళ్ళు పెట్టుకుని, ఒక్కొక్క దుప్పటి మీదా చేత్తో చిలకరించి, అది పీల్చుకునేదాకా ఆగి, అప్పుడు రోలరుకు అందిస్తాడు. ఒక్కనాడూ సూపర్‌వైజరుకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఎలా ఉండేదో అని అతను అప్పుడప్పుడూ అనుకునేవాడు. గొడవయ్యేది. గొడవయితే కనీసం మాటలు వచ్చేవి.

మొదటి మోపు దించాడు. బండి నిండా వేసి, పైన స్టీలు డబ్బా పెట్టి తోశాడు. బండి పది అడుగులూ దొర్లి వెళ్ళి రోలరు దగ్గర ఆగింది. బావ డబ్బా తీసుకోవడం చూశాడు. వంగిన వీపు, నెరిసిన మెడ. ఈ మధ్య చూపు తగ్గింది. పోయిన నెల దుప్పటితో పాటు వేళ్ళు కూడా రోలరులోకి పోబోతే మడత బల్ల దగ్గరి ఆడవాళ్ళు కేకలు పెట్టి ఆపారు. ఇంక చాలని ఆఫీసువాళ్ళు అన్నది ఆ రోజే.

కాసేపటికి బండి ఖాళీగా తిరిగొచ్చింది. అందులో డబ్బా, కడిగి తుడిచి. రోజూ అంతే. పది నిమిషాల్లో పళ్ళు లేనివాడు ఆ పెంకులు తినలేడు. పారేసి ఉంటాడు. పారేసుకోనీ. మాట ఇచ్చింది పంపుతాననే గానీ తినిపిస్తానని కాదు.

"డ్రమ్మన్నా!" మడత బల్ల దగ్గర్నుంచి పెద్దావిడ కేక వేసింది. మడతలు వేసే ముగ్గురిలో ఆమెదే నోరు పెద్దది. "ఇవాళన్నా కాస్త తడి ఉంచి పంపకూడదా? ఆఖరు రోజు కూడా ఆ మనిషి చిలకరించుకుంటూనే ఉండాలా?"

"హోటలువాళ్ళు బాగా ఆరాలన్నారు."

"ఏం, హోటలువాళ్ళు దుప్పట్లు కప్పుకుంటారా, కరకరా నములుతారా?"

మిగతా ఇద్దరూ నవ్వారు. బావ భుజాలు కూడా కదిలాయి. అతను డ్రమ్ము తలుపు వేసి బటను నొక్కాడు. నవ్వులు వినపడటం ఆగిపోయింది. డ్రమ్ము తిరుగుతుంటే పక్కన పిడుగు పడినా వినపడదు. ఈ ఉద్యోగంలో అతనికి నచ్చింది అదొక్కటే.

పదింటికి సూపర్‌వైజరు వచ్చాడు. చేతిలో అట్ట, చెవి వెనక పెన్సిలు.

"పన్నెండింటికి అయిదు నిమిషాలు మిషన్లన్నీ ఆపుతున్నాం. రోలరాయన్ని పంపిస్తున్నాం కదా. మీరు చుట్టాలు, మీరే రెండు ముక్కలు మాట్లాడాలి."

"నా ముక్కలు పొద్దున్నే డబ్బాలో పంపాను."

"అదేంటండీ, నవ్వులాటా?"

"నాకు మాటలు రావు. ఆ పెద్దావిణ్ణి అడగండి, ఆమె ఆపమన్నా ఆపదు."

సూపర్‌వైజరు పెన్సిలు తీసి అట్ట మీద ఏదో కొట్టేసి వెళ్ళిపోయాడు.

దుప్పట్లు డ్రమ్ములో పైకి లేచి కింద పడుతున్నాయి. గుండ్రటి అద్దంలోంచి అతను వాటిని చూస్తూ నిలబడ్డాడు. చూస్తూ నిలబడితే ఏదీ గుర్తు రాదని అతని నమ్మకం. చాలావరకు నిజమే. ఒక్క రోజు మాత్రం వస్తుంది.

ఆ రోజు జనమంతా పదింటికే వచ్చేశారు. ఆమెను శ్మశానానికి తీసుకెళ్ళే బండి కూడా వచ్చి గుమ్మం ముందు ఆగింది. "మా బావ రావాలి, ఒక్క అయిదు నిమిషాలు" అన్నాడు అతను. అరగంట గడిచింది. ఒక్కగానొక్క అన్న, రాకుండా ఎలా ఉంటాడు అని కనపడ్డ ప్రతివాళ్ళకూ చెప్పాడు. గంట గడిచింది. మగవాళ్ళు నీడకు జరిగారు. ఒకరిద్దరు గడియారాలు చూసుకుని, అతను చూడటం చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నారు. బావ ఇంటికి కబురు పంపితే తాళం ఉంది. గంటన్నర దాటాక కూడా అతను వీధి మొదటివైపే చూస్తున్నాడు. అప్పుడు బండి డ్రైవరు దగ్గరికొచ్చి, మర్యాదగానే, గొంతు తగ్గించి, "అయ్యా, నేను వెళ్ళాల్సిన ఇల్లు ఇంకోటుంది" అన్నాడు.

అంతే. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. ఆ మాట వినవలసి వచ్చింది తను. వినేలా చేసింది బావ. భార్య మాటలన్నీ ఒక్కొక్కటే మరుపున పడుతున్నాయి గానీ, పేరు తెలియని ఆ డ్రైవరు మాట గొంతుతో సహా అలాగే ఉంది.

పన్నెండుకు మిషన్లు ఆగాయి. చెవుల్లో ఊళ పెట్టినట్టుగా నిశ్శబ్దం. అందరూ మడత బల్ల చుట్టూ మూగారు. అతను తన డ్రమ్ముల దగ్గరే ఉండి వడపోత జల్లెడలకు పట్టిన దూది పీకుతున్నాడు. పెద్దావిడ మాట్లాడటం వినపడింది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో రోలరన్న తమ మీద ఒక్కసారి కూడా గొంతు పెంచలేదని, పెంచుదామన్నా పళ్ళు లేక గాలి పోయేదని. నవ్వులు. తాము ముగ్గురూ కలిసి కొత్త దుప్పటి ఒకటి కొన్నామని, కప్పుకోవాలే తప్ప పొరపాటున ఇస్త్రీ చేయకూడదని. మళ్ళీ నవ్వులు. తర్వాత చప్పట్లు. తర్వాత అడుగుల చప్పుడు, ఒక మనిషిది, కాళ్ళు ఈడ్చుకుంటూ.

బావ వచ్చి మూడో డ్రమ్ము పక్కన నిలబడ్డాడు. చంకలో కొత్త దుప్పటి. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు, ప్రయాణం కదా. ఇంత దగ్గరగా చూసి చాలా రోజులైంది. మనిషి బాగా కుంగిపోయాడు. పెదవులు లోపలికి ముడుచుకుపోయి, నోరు ఉన్న చోట ఒక కుట్టు వేసినట్టుంది.

"బావా" అన్నాడు.

అతను దూది పీకుతూనే ఉన్నాడు.

"రేపట్నుంచి రోలరుకు కొత్తమ్మాయి వస్తుందట. కాస్త తడి ఉంచి పంపు. చిలకరించడం అలవాటయ్యేలోపల చేతులు కాల్చుకుంటుంది పాపం."

అది న్యాయమైన మాటే. అతను తలెత్తాడు. జల్లెడ పక్కన పెట్టాడు. అతని వరకు అది చాలా ఎక్కువ. బావకు కూడా అది తెలిసినట్టుంది. ఇంకో అడుగు ముందుకు వేశాడు.

మాట నోటి దాకా వచ్చింది ఇద్దరికీ. పది అడుగుల దూరం రెండు అడుగులైంది. ఇప్పుడు ఆ మాట అంటే సరే అనుకున్నాడు అతను. అనేస్తే సరే. నేను కూడా ఏదో ఒకటి అంటాను. జాగ్రత్తగా వెళ్ళమంటాను.

"ఆ రోజు నేను... ఆ మందుల షాపు దగ్గర..." అన్నాడు బావ.

అతని చెయ్యి లేచింది. బటను నొక్కింది. మూడో డ్రమ్ము ఊపందుకుంది. మళ్ళీ నాలుగోది నొక్కాడు. అయిదోది.

బావ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆపలేదు. గొంతు పెంచలేదు కూడా. మడత పడిన ఆ పెదవులు విచ్చుకుని ముడుచుకుంటున్నాయి, విచ్చుకుని ముడుచుకుంటున్నాయి. పళ్ళున్న నోరైతే చూసి కొంత పోల్చుకోవచ్చు. ఆ నోట్లోంచి ఏ మాట వచ్చినా ఒకేలా కనిపిస్తుంది. చివర్లో మాత్రం ఒక చిన్న మాట రెండుసార్లు అన్నట్టుంది. ఒకే మాట అవునో కాదో. తర్వాత చూపు దించి, దుప్పటి ఇంకో చంకలోకి మార్చుకుని, వెనక్కి తిరిగాడు.

చెయ్యి చాపితే మూడు బటన్లు ఆపవచ్చు. అతను జల్లెడ తీసి మళ్ళీ దూది పీకడం మొదలుపెట్టాడు.

గేటు దగ్గర ఆటో ఆగి ఉండటం తలుపు సందులోంచి కనిపించింది. ఒక పెట్టె, ఒక సంచి, కొత్త దుప్పటి. బావ ఎక్కడానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి ఎక్కాడు. ఆటో ఇటుక గోడ పక్కగా వెళ్ళి కనపడకుండా పోయింది. డ్రమ్ముల్లో దుప్పట్లు లేచి పడుతున్నాయి. అతను టైము చూసుకున్నాడు. పన్నెండూ ఇరవై.

ఒంటిగంటకు అన్నం తిన్నాడు. ఏం కూరో గుర్తులేదు. రెండింటికి సూపర్‌వైజరు వచ్చి, కొత్తమ్మాయి రేపుగానీ రాదు, ఇవాళ్టికి రోలరు కూడా మీరే చూసుకోవాలి అన్నాడు. సరేనన్నాడు. బండి తోసుకుంటూ వెళ్ళాడు. ఆ పది అడుగులూ అతను నడిచి చాలా కాలమైంది. రోలరు దగ్గర నేల బావ నిలబడే చోట రెండు పాదాల మేర నున్నగా అరిగింది. అందులో నిలబడకుండా పక్కన నిలబడ్డాడు. దుప్పటి అందుకోవడానికి చెయ్యి చాలలేదు. అందుకని అందులోనే నిలబడ్డాడు.

పెద్దావిడ రోలరు వెనక చెక్క గూడు సర్దుతోంది. రేపు వచ్చే అమ్మాయి సామాను పెట్టుకోవాలి కదా అని. పాత తువ్వాలు, నూనె సీసా, చేతికి కట్టుకునే గుడ్డలు తీసి బుట్టలో వేసింది. ఉన్నట్టుండి ఆగింది.

"అయ్యో, ఇది మర్చిపోయాడు" అంది. "ఆటో తొందరలో."

"ఏమిటి?"

"ఇదే, ఆయన గ్లాసు."

గూడు మూలన, గోడకు ఆనించి, గాజు గ్లాసు. దాని మీద తెల్లటి గుడ్డముక్క కప్పి ఉంది. పెద్దావిడ ఆ గుడ్డ తీసింది. గ్లాసు నిండా నీళ్ళు. నీళ్ళలో యాపిల్ చక్రాలు, ఒకదాని మీద ఒకటి.

"మీరు పంపే ముక్కలే అన్నా. పొద్దున్నే డబ్బా రాగానే దీంట్లో వేసి నీళ్ళు పోసేవాడు. సాయంత్రం పని దిగేసరికి మెత్తబడేవి. అప్పుడు అదిగో, ఆ స్టూలు మీద కూచుని తినేవాడు. ఆ నీళ్ళు కూడా తాగేసేవాడు, తియ్యగా ఉంటాయని. ఒక్కటి పెట్టవయ్యా అని ఎన్నిసార్లు అడిగామో. ఊహూ. మా ఇంటివి, మీకు అరగవు అనేవాడు, పెద్ద నవ్వు."

అతను చేతిలోని దుప్పటిని బండిలోకి వదిలేశాడు.

"రెండేళ్ళు ఎదురుగా ఉండి చూడలేదా మీరు?"

"డ్రమ్ముల దగ్గర్నుంచి ఈ గూడు కనపడదు."

అది నిజమే. రోలరు అడ్డం.

అతను గ్లాసు అందుకుని రెండు వేళ్ళు ముంచి ఒక ముక్కను పట్టి చూశాడు. తడి ఎక్కడిదాకా వెళ్ళిందో అతని వేళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. అంచులు మెత్తబడ్డాయి. నడుమ ఇంకా గట్టిగానే ఉంది. మూడు నాలుగు గంటలు పడుతుంది.

"పారబోసేదా?" అంది పెద్దావిడ.

"ఉండనీ."

గ్లాసు ఎక్కణ్ణుంచి తీశాడో అక్కడే పెట్టాడు. ఆమె గుడ్డముక్క మడిచి పక్కన పెట్టి, కాసేపు అటూ ఇటూ తచ్చాడింది. తర్వాత గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం అక్కడ ఎవరూ ఎరగరు.

"ఇంతకీ డ్రమ్ము దగ్గర ఏం చెప్పాడన్నా? చాలాసేపు మాట్లాడుతూనే ఉన్నాడు. ఏడుస్తున్నట్టు కూడా అనిపించింది నాకు."

"ఆ సంగతి నన్ను అడగొద్దు" అన్నాడు అతను. "ఇవాళ అడగొద్దు. ఇంకెప్పుడూ అడగొద్దు."

ఆమె అడగలేదు. సాయంత్రం ఇంటికెళ్ళాక కూతురు అడిగింది. బావ వెళ్ళాడు అని చెప్పి చెప్పులు విడిచాడు. అంతకుమించి ఆ విషయం మీద ఆ రోజు గానీ, ఆ తర్వాత బతికినన్ని రోజులు గానీ అతను పెదవి విప్పలేదు.

రోలరు వెనక గూట్లో, రోజూ గ్లాసు పెట్టి పెట్టి చెక్క మీద గుండ్రంగా నల్లబడిన మచ్చ మీద, ఆ గ్లాసు ఉంది. అందులో యాపిల్ చక్రాలు నీళ్ళు పీల్చుకుంటూ, ఒకదాన్నుంచి ఒకటి నెమ్మదిగా విడిపోతున్నాయి.